పాత లారీ ఇంజిన్‌కు కొత్త పిస్టన్ రింగులు ఎక్కించడం ఎలా?

"రింగులు మార్చాం, అయినా నీలం పొగ పోలేదు. రింగులు నకిలీవా?" వడ్ల సీజను ముగిసి మిర్యాలగూడ మిల్లుల లారీలు షెడ్డుకు చేరే రోజుల్లో ఈ ప్రశ్న నాకు వారానికి రెండు మూడుసార్లు వస్తుంది. ఈ మధ్య మరో రకం మనుషులు కూడా అడుగుతున్నారు. తాతల నాటి లారీని షెడ్డు మూల నుంచి బయటికి లాగి, ముచ్చటపడి మళ్లీ నడిపించాలని చూస్తున్నవాళ్లు. బజారులో నకిలీ రింగులు ఉన్న మాట నిజమే. కాని నా దగ్గరికి పొగతో తిరిగొచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి రింగు మంచిదే, ఎక్కించిన తీరే తప్పు. పిస్టన్ చుట్టూ ఉన్న గాడుల్లో కూర్చుని గ్యాసును కిందికి, ఆయిల్‌ను పైకి పోనివ్వకుండా ఆపేవే ఈ రింగులు. అవి ఆపలేకపోతే ఆయిల్ మండి నీలం పొగ వస్తుంది. రింగు ఎక్కించడం పది నిమిషాల పని. దానికి ముందు కొలవడానికి ఒక రోజంతా పడుతుంది. ఆ రోజును మిగుల్చుకుందామనుకున్నవాళ్లే మళ్లీ ఇంజిన్ విప్పుతారు.

ఉదాహరణకు టాటా 697 ఇంజిన్‌ను తీసుకుంటాను. మన రోడ్ల మీద దానికి అలవాటుపడని మెకానిక్కు ఉండడు. 6 సిలిండర్లు, 97 మి.మీ. బోరు (పిస్టన్ ఆడే రంధ్రం వెడల్పు), 128 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 5,675 సి.సి. టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టింది, 1969లో ఆ ఒప్పందం ముగిసింది. ఆ తర్వాతి బండ్ల ఇంజిన్లలోనూ ఆ జర్మన్ పోలికలు పోలేదు. మీది లేలాండ్ అయినా, ఫార్గో అయినా, బెడ్‌ఫోర్డ్ అయినా పద్ధతి ఇదే. అంకెలు మాత్రం మీ ఇంజిన్ మాన్యువల్‌లోవే తీసుకోండి. నేను ఇక్కడ చెప్పేవి మాన్యువల్ దొరకనప్పుడు పనికొచ్చే అందాజు లెక్కలు.

కావలసినవి

- మీ బోరు సైజుకు సరిపోయే రింగుల సెట్టు. స్టాండర్డా, ఓవర్‌సైజా (కోసి పెద్దది చేసిన బోరుదా) అన్నది పిస్టన్ తల మీద కొట్టిన అంకెను చూసి కొనండి. "పాత బిల్లులో ఇదే ఉంది" అని కొనకండి.
- ఫీలర్ గేజి, అంటే సందులు కొలిచే సన్న బ్లేడ్ల కట్ట. బ్లేడ్లు వంకర పోనిది.
- రింగు ఎక్స్‌పాండరు (రింగును తెరిచేది), రింగు కంప్రెసరు (రింగులను పిస్టన్‌కు నొక్కి పట్టేది), టార్క్ రెంచి (బిగింపు కొలిచేది).
- సన్న పళ్ల ఆకురాయి, చిన్న వైసు.
- వేడి నీళ్లు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్షు, తెల్లని పాత పంచె ముక్కలు. తెల్లవే ఎందుకో తర్వాత చెబుతాను.
- ఇంజిన్ ఆయిల్, కడగడానికి డీజిల్.
- ఒక నోటుపుస్తకం, పెన్సిలు. ఇది సరదాకు రాయలేదు.

ఎక్స్‌పాండరు లేకపోతే సన్నని రేకు ముక్కలు మూడు చాలు. కంప్రెసరు లేకపోతే పలచని రేకును చుట్టి, పెద్ద హోసు క్లిప్పుతో బిగించి పని జరుపుకోవచ్చు. బైండింగ్ వైరుతో చుట్టి దించేవాళ్లను చూశాను. రింగు విరిగిన శబ్దం విన్నాక వాళ్లూ మానేశారు.

1. బోరు పనికొస్తుందో లేదో ముందే తేల్చుకోండి

కొత్త రింగు అరిగిన బోరును బాగు చేయలేదు. బోరు గేజి లేదని దిగులు పడకండి, రింగుతోనే కొలవవచ్చు. దీనికి పిస్టన్ బయటికి తీసి ఉండాలి, కాబట్టి తీసే ముందు రెండో అంశం కూడా చదవండి. ఒక కొత్త రింగును బోరు పైభాగంలో, రింగులు తిరిగే చోట నిలిపి గ్యాపు (రింగు రెండు కొసల మధ్య సందు) కొలవండి. తర్వాత అదే రింగును కిందికి, రింగులు చేరని చోటికి దించి మళ్లీ కొలవండి. రెండింటి తేడాను 3.14తో భాగించండి. పైన 0.75, కింద 0.45 వస్తే తేడా 0.30. అంటే ఆ బోరు పైన సుమారు 0.1 మి.మీ. అరిగింది. 0.1 దాటిన బోరుకు నేను రింగుల డబ్బా తెరవను, బ్లాకును లేతు షాపుకు పంపిస్తాను. బోరింగో (బోరును కోసి పెద్దది చేయడం), కొత్త లైనర్లో (బోరులో దూర్చే గొట్టాలు) వాళ్లు చూసుకుంటారు. ఖర్చు ఎక్కువే. కాని ఆ ఖర్చు తప్పించుకోవడానికి వేసిన రింగులు ఒక సీజను కూడా నిలవవు.

2. పిస్టన్లు తీసే ముందు గుర్తులు పెట్టండి

బోరు పైఅంచున రింగు చేరని చోట ఒక గట్టు మిగిలి ఉంటుంది. గోరుతో పైకి గీస్తే తగులుతుంది. పిస్టన్ పైకి తీసే ముందే దాన్ని రిడ్జి రీమరుతో కోయించండి. అలాగే వదిలేస్తే పిస్టన్ తీసేటప్పుడు గాడి అంచులు చిట్లుతాయి, కొత్తగా వేసిన పై రింగు ఆ గట్టుకు తగిలి విరుగుతుంది.

ఏ పిస్టన్ ఏ సిలిండరుది, ఏ వైపు ముందుకు ఉంది, ఏ క్యాపు ఏ కనెక్టింగ్ రాడ్డుది (పిస్టన్‌ను కింద తిరిగే క్రాంకుకు కలిపే రాడ్డు, దాన్ని క్రాంకుకు బిగించే క్యాపు) అన్నది నోటుపుస్తకంలో రాయండి. క్యాపుల మీద నంబర్లు ఉంటే సరే, లేకపోతే పక్కన పంచితో చుక్కలు కొట్టండి. ఒక రాడ్డు క్యాపు ఇంకో రాడ్డుకు పడితే బేరింగు పట్టేస్తుంది. క్రాంకు తిరగకుండా మొరాయించినప్పుడు అందరూ ముందు రింగులనే అనుమానిస్తారు.

3. గాడులు శుభ్రం చేయండి

విరిగిన పాత రింగు ముక్కకు మించిన పనిముట్టు లేదు. దాని కొసను చదునుగా రాసుకుని గాడిలో ఉన్న నల్లటి మసిని గీకండి. మసి మాత్రమే రావాలి. వెండి రంగులో మెరుపు కనిపిస్తే అల్యూమినియం లేచిపోతోందన్నమాట, ఆపండి. ఆయిల్ రింగు గాడి వెనుక సన్నని రంధ్రాలు ఉంటాయి. రింగు గీకిన ఆయిల్ వాటి గుండానే కిందికి దిగుతుంది. సరైన సైజు డ్రిల్లు బిట్టును చేత్తో తిప్పుతూ ఒక్కొక్కటి తెరవండి. మిషను పెట్టకండి. నేను చూసినంతలో ఈ రంధ్రాలను మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

4. గాడిలో వదులు ఎంత ఉందో చూడండి

కొత్త రింగును దాని గాడిలో బయటి నుంచే దొర్లించండి. చుట్టూ ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. తర్వాత రింగుకూ గాడి అంచుకూ మధ్య ఫీలరు దూర్చండి. సాధారణంగా 0.05 నుంచి 0.10 మి.మీ. ఉంటుంది. 0.15 దూరిపోతుంటే ఆ పిస్టన్ గాడి అరిగిపోయింది, పిస్టనే మార్చాలి. పై రింగు గాడే ముందు అరుగుతుంది కాబట్టి దాన్ని నాలుగు చోట్ల కొలవండి. పై రింగు ఒక పక్క సన్నగా, ఏటవాలుగా కోసిన రకమైతే ఈ కొలత దానికి పనికిరాదు, మాన్యువల్‌లో చెప్పిన పద్ధతే పాటించాలి.

5. బోరుకు గీతలు పెట్టి, కడగండి

పాత బోరు అద్దంలా మెరుస్తుంటే చూడటానికి బాగుంటుంది, రింగుకు మాత్రం అది శత్రువు. ఆ నునుపు మీద కొత్త రింగు ఒరుసుకుని కుదురుకోదు, ఆయిల్ కూడా నిలవదు. హోనింగ్ రాయితో, సుమారు 45 నుంచి 60 డిగ్రీల కోణంలో ఒకదాన్నొకటి కోసుకునే గీతలు పడాలి. రాయిని తిప్పుతూనే పైకీ కిందికీ ఆడిస్తేనే ఆ అల్లిక వస్తుంది. ఒకేచోట తిప్పితే అడ్డగీతలు మాత్రమే పడతాయి. క్రోమ్ పూత ఉన్న లైనరైతే రాయి పెట్టకండి. దానికి క్రోమ్ రింగు కూడా వేయకూడదు.

ఇప్పుడు తెల్లగుడ్డల సంగతి. చాలామంది హోనింగ్ తర్వాత డీజిల్‌తో తుడిచి వదిలేస్తారు. డీజిల్ జిడ్డును కడుగుతుంది గాని, గీతల్లో దిగిన రాతి పొడిని బయటికి లాగలేదు. వేడి నీళ్లలో సబ్బు పొడి కలిపి బ్రష్షుతో రుద్ది కడగండి. ఆరాక ఆయిల్ తడిపిన తెల్లగుడ్డతో బోరు లోపల తుడవండి. మొదటి గుడ్డ బూడిద రంగులో వస్తుంది. రెండోది కొంచెం తేలిక పడుతుంది. గుడ్డ మీద ఆయిల్ రంగు తప్ప మరేమీ కనిపించని దాకా కడుగుతూనే ఉండండి. నాకు ఒక్కో బోరుకు నాలుగైదు గుడ్డలు పడతాయి. మిగిలిన ఆ పొడి బోరునూ రింగులనూ కలిపి నూరేస్తుంది.

క్రాంకు బ్లాకులోనే ఉందా? అయితే నీళ్లు పోయలేరు. హోనింగ్‌కు ముందే క్రాంకు పిన్నుల మీద గుడ్డలు దట్టంగా కప్పి, తర్వాత ఆయిల్ గుడ్డలతోనే ఓపికగా తుడవాలి. నన్నడిగితే క్రాంకు విప్పడమే తేలిక.

6. గ్యాపు కొలవండి, ప్రతి రింగుకూ

అసలు పని ఇది. రింగును దాని సొంత బోరులో పెట్టండి. పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని దాని తలతో రింగును నెమ్మదిగా కిందికి తోయండి, అప్పుడు రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. వేళ్లతో తోస్తే ఒక పక్క ఎత్తుగా ఉండి, కొలత తప్పుతుంది. కొత్త బోరైతే ఎక్కడ కొలిచినా ఒకటే. అరిగిన బోరులో మాత్రం రింగు నడిచే దారిలో అన్నిటికంటే కింద కొలవండి. బోరు అక్కడే ఇరుకు, గ్యాపు అక్కడే తక్కువ.

మాన్యువల్ లేకపోతే పై రింగుకు లెక్క ఇది: ప్రతి 25 మి.మీ. బోరుకు 0.1 మి.మీ. గ్యాపు. 97 మి.మీ. బోరుకు సుమారు 0.40. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లకు ఒక్క చిన్న లెక్క. రింగు చుట్టుకొలత సుమారు 305 మి.మీ. పోత ఇనుము ఒక డిగ్రీ వేడికి మీటరుకు 0.011 మి.మీ. సాగుతుంది. నడిచేటప్పుడు రింగు బోరు కంటే 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే గ్యాపులో 0.33 మి.మీ. మూసుకుపోతుంది. మీరు 0.20 పెట్టి ఉంటే కొసలు రెండూ గుద్దుకుంటాయి, రింగు ఉబ్బి బోరును గీరుతుంది, చివరికి విరుగుతుంది. గ్యాపు కాస్త ఎక్కువైతే కొద్దిగా కంప్రెషన్ పోతుంది, అంతే. అందుకే ఎటూ తేల్చుకోలేనప్పుడు ఎక్కువ వైపే మొగ్గండి.

ఫీలరు బ్లేడు గ్యాపులో చిన్న పట్టుతో జారాలి. వదులుగా ఊగకూడదు, నెట్టాల్సి రాకూడదు. ఆరు సిలిండర్లకు, పిస్టన్‌కు నాలుగు రింగుల చొప్పున 24 కొలతలు వస్తాయి. నోటుపుస్తకంలో గళ్లు గీసి అన్నీ రాయండి. "ఒకే డబ్బాలోవి కదా, ఒకటి కొలిస్తే చాలదా?" అని అడగకండి. డబ్బాలో ఇంకో సైజు రింగు కలిసి రావడం నా కళ్లతో చూశాను.

7. గ్యాపు తక్కువగా ఉంటే ఆకురాయితో రాయండి

ఆకురాయిని వైసులో నిలువుగా బిగించండి. రింగు రెండు కొసలూ దానికి ఇరువైపులా ఆనేలా పట్టుకుని లాగండి. పంటి దెబ్బ ఎప్పుడూ రింగు బయటి అంచు నుంచి లోపలికే పడాలి. లోపలి నుంచి బయటికి రాస్తే క్రోమ్ పూత అంచున లేచి, బోరును కోస్తుంది. రెండు మూడుసార్లు లాగి బోరులో పెట్టి కొలవండి, మళ్లీ రాయండి. ఎక్కువ రాసినదాన్ని తిరిగి అతికించలేరు. చివరగా కొసల మీది చిన్న ముళ్లను సన్న ఎమరీ కాగితంతో తీసేయండి. వేలి చివరితో తడిమితే ఏమీ గుచ్చుకోకూడదు.

8. రింగులు పిస్టన్‌కు ఎక్కించండి

కింది నుంచి పైకి, ముందు ఆయిల్ రింగు. ఇందులో నేను చేసిన తప్పొకటి చెబుతాను. ఏళ్ల కిందట వాడపల్లి వైపు సిమెంటు తోలే ఒక లారీకి ఇంజిన్ కట్టాను. రోడ్డెక్కిన మూడో రోజే యజమాని వచ్చాడు. బండి నడుస్తోంది, లాగుతోంది, కాని ఆయిల్ తాగుతోంది. విప్పి చూస్తే అయిదో సిలిండరులో ఆయిల్ రింగు లోపలి స్ప్రింగు జాయింటు సరిగ్గా రింగు గ్యాపు దగ్గరే కూర్చుని ఉంది. చీకటి పడుతోందని తొందరలో ఎక్కించిన ఆఖరి పిస్టన్లలో అది ఒకటి. తప్పు నాదే. కూలి లేకుండా మళ్లీ కట్టి ఇచ్చాను.

కాబట్టి స్ప్రింగు రకం ఆయిల్ రింగైతే స్ప్రింగు జాయింటు, రింగు గ్యాపు ఎదురెదురుగా ఉండాలి. మూడు ముక్కల రకమైతే నడిమి పట్టీ కొసలు ఒకదానికొకటి ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. కొసలకు రంగు వేసి ఉంటుంది. రెండు రంగులూ కనిపిస్తేనే సరిగ్గా ఉన్నట్టు. కొన్ని పాత పిస్టన్లకు పిన్ను (పిస్టన్‌ను రాడ్డుకు కలిపే కడ్డీ) కింద కూడా ఒక ఆయిల్ రింగు ఉంటుంది, దాన్నీ చూసుకోండి.

కంప్రెషన్ రింగులకు పైముఖం, కిందిముఖం ఉంటాయి. 'టాప్' అనో, చుక్కో, కంపెనీ గుర్తో ఉన్న ముఖం పిస్టన్ తల వైపు రావాలి. తిరగేస్తే ఆయిల్‌ను కిందికి గీకాల్సిన రింగు పైకి ఎక్కిస్తుంది. గుర్తు సన్నగా ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకుని, ఎండ వెలుగులో చూడండి. గుర్తు లేకుండా బయటి అంచున కింద మెట్టు కోసి ఉంటే ఆ మెట్టు కిందికే ఉండాలి.

ఎక్స్‌పాండరుతో రింగును అవసరమైనంతే తెరవండి. అది లేనివాళ్లు మూడు రేకు ముక్కలను పిస్టన్ చుట్టూ నిలిపి, వాటి మీదుగా రింగును జార్చి, గాడి దగ్గర రేకులు లాగేయండి. ఒక కొసను గాడిలో పెట్టి మిగతాది మెలితిప్పుతూ తొడగడం పాత అలవాటు. అలా తొడిగిన రింగు శాశ్వతంగా మెలిపడి, గాడిలో సమంగా కూర్చోదు.

9. గ్యాపులను ఎడంగా పెట్టండి

పిస్టన్‌ను పైనుంచి చూస్తూ గడియారం అనుకోండి, ఇంజిన్ ముందువైపు 12. పిన్ను గీత 12 నుంచి 6కు ఉంటుంది. పిస్టన్ బోరును ఒత్తే పక్కలు 3, 9. ఈ నాలుగు చోట్లా గ్యాపు వద్దు. పై రింగు గ్యాపు ఒకటిన్నర దగ్గర, రెండోది ఏడున్నర దగ్గర, మూడోది పదిన్నర దగ్గర, ఆయిల్ రింగుది నాలుగున్నర దగ్గర పెట్టండి. మాన్యువల్ వేరేలా చెబితే దాని మాటే చెల్లుతుంది. నడిచేకొద్దీ రింగులు తిరుగుతాయి కదా, ఇంత పట్టింపు దేనికని వాదించే మేస్త్రీలు ఉన్నారు. తిరుగుతాయి, నిజమే. కాని మొదటి స్టార్టులో గ్యాపులన్నీ ఒకే వరుసలో ఉండటం నాకిష్టం లేదు.

10. పిస్టన్ దించండి

ఇది పొద్దున్నే పెట్టుకోండి. నల్లగొండ ఎండల్లో మధ్యాహ్నం గాలి లేస్తే ఆయిల్ పూసిన ప్రతిదాని మీదా దుమ్ము అతుక్కుంటుంది.

బోరుకు, రింగులకు, పిస్టన్ పక్కలకు ఆయిల్ పట్టించండి. రాడ్డు బోల్టులు రాడ్డుకే ఉండే రకమైతే వాటికి రబ్బరు గొట్టం ముక్కలు తొడగండి, క్రాంకు పిన్ను మీద గీత పడదు. ఆ సిలిండరు క్రాంకు పిన్నును అన్నిటికంటే కిందికి తిప్పి ఉంచండి. పిస్టన్ తల మీది బాణం గుర్తు ఏ వైపో, నోటుపుస్తకంతో ఇంకోసారి సరిచూడండి.

కంప్రెసరును బిగించి, కింది అంచు బ్లాకుకు చుట్టూ సమంగా ఆనేలా నొక్కి పట్టండి. సుత్తి చెక్కపిడితో పిస్టన్ తల మీద మెల్లగా తట్టండి. దిగుతున్న ప్రతి దెబ్బకూ మొద్దుగా ఒకే రకం చప్పుడు వస్తుంది. ఎక్కడైనా చప్పుడు గట్టిపడి, పిస్టన్ ఆగిందంటే వెంటనే ఆపండి. ఒక రింగు కంప్రెసరుకూ బ్లాకుకూ మధ్య బయటికి జారింది. ఇంకొక్క దెబ్బ వేద్దామనిపిస్తుంది. ఆ దెబ్బకే రింగు విరుగుతుంది, ఒక్కోసారి గాడి అంచు కూడా పోతుంది. పిస్టన్ పైకి తీసి, రింగులన్నీ చూసి, మళ్లీ మొదటి నుంచి చేయండి.

11. ప్రతి పిస్టన్ తర్వాత క్రాంకు తిప్పండి

క్యాపు వేసి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఒక్కో పిస్టన్‌కు బరువు కొంత పెరుగుతుంది, అది సహజమే. ఒక్కసారిగా పట్టేసినా, ఒకచోట గీసుకున్నట్టు అనిపించినా తప్పు ఇప్పుడు వేసిన దానిలోనే ఉంది. ఆరూ వేశాక తిప్పి చూస్తే ఏది దొంగో పట్టుకోవడానికి ఆరూ విప్పాలి.

12. స్టార్టు, మొదటి 500 కిలోమీటర్లు

మామూలు మినరల్ ఆయిల్ పోయండి, ఖరీదైన సింథటిక్ ఇప్పుడే వద్దు. డీజిల్ ఆపి ఉంచి, ఆయిల్ ప్రెషరు కనిపించేదాకా సెల్ఫు కొట్టండి. మధ్యమధ్యలో సెల్ఫు మోటారు చల్లారనివ్వండి. స్టార్టయ్యాక లీకులు చూసి, వేడెక్కగానే రోడ్డెక్కించండి. కొత్త ఇంజిన్ అని గంటల తరబడి ఖాళీగా తిప్పుతూ నిలబెట్టడం మన దగ్గర పెద్ద దురలవాటు. రింగును బోరుకు ఒత్తేది లోపలి గ్యాసు ఒత్తిడి, లోడు లేకపోతే ఆ ఒత్తిడి లేదు. బోరు మళ్లీ నున్నబడుతుంది, రింగు కుదురుకోదు.

సగం లోడుతో నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద మిర్యాలగూడ దాకా వెళ్లి రండి. వేగం మారుస్తూ నడపండి, గేరులో ఇంజిన్ మూలిగేలా లాగకండి, పూర్తి వేగానికీ పోకండి. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చండి.

13. కుదిరిందో లేదో ఇలా చూడండి

ఇంజిన్ వేడిగా ఉండగా ఆయిల్ పోసే మూత తీయండి. సన్నగా ఆవిరి వస్తే చింత లేదు. పొగ బుస్‌బుస్‌మని కొడుతుంటే బ్యాక్ కంప్రెషన్ ఉంది, గ్యాసు రింగులు దాటి కింది ఆయిల్ ఛాంబరులోకి దిగుతోంది. మొదటి రోజుల్లో కొంచెం ఉండి రోజురోజుకూ తగ్గితే ఆగండి. తగ్గకపోతే కంప్రెషన్ గేజి పెట్టి ఆరు సిలిండర్లూ కొలవండి. ఒకటి మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే నోటుపుస్తకంలో ఆ సిలిండరు గడి ముందు చూడండి.

నీలం పొగ ఉందా? ఎప్పుడు వస్తోందో గమనించండి. లోడుతో లాగుతున్నంతసేపూ వస్తే రింగుల వైపు వెతకండి. అయిదు నిమిషాలు ఖాళీగా తిరిగి, యాక్సిలరేటరు తొక్కగానే ఒక్క మబ్బులా వచ్చి పోతే వాల్వు గైడ్లు (హెడ్డులో వాల్వులు ఆడే గొట్టాలు) అరిగాయి. రింగులను తిట్టి లాభం లేదు, హెడ్డు విప్పాలి. నల్లపొగ, తెల్లపొగ అయితే ముందు పంపు, ఇంజెక్టర్ల దగ్గరికి వెళ్లండి.

ఇవన్నీ బాగుండి, రెండు మూడు నెలలకే మళ్లీ ఆయిల్ తగ్గడం మొదలైతే ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి. పాత లారీలకు అడుగున ఆయిల్ గిన్నె ఉండే ఫిల్టరు ఉంటుంది. మిల్లుల ముందు నిలిచే బండ్లలో ఆ గిన్నె ఊక దుమ్ముతో బురదలా గడ్డకట్టడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వడ్ల సీజనులో వారానికోసారి కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోయండి. ఫిల్టరుకూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం పగిలిందేమో వేలితో చుట్టూ తడిమి చూడండి, పగుళ్లు ఎక్కువగా అడుగు వైపే ఉంటాయి.